ఒక్కొక్కరి చేతి బ్యాండు ఊరందరికీ పనికొస్తుందా?

పొద్దునడక (సోమవారం, ఉదయం 7:40)

మా సంస్థలో ఏడాది కిందట మూడు వందల చిల్లర ఉద్యోగులకు చేతి బ్యాండ్లు పంచారు. అడుగులు, నిద్ర, గుండె వేగం లెక్కపెట్టే మామూలు బ్యాండ్లే. వాటిని కొనసాగించాలా, ఆ డబ్బు వేరే పనికి పెట్టాలా అని తేల్చడానికి ఇప్పుడొక కమిటీ వేశారు. రోజూ పొద్దున్నే నడుస్తానన్న ఒక్క అర్హతతో నన్నూ అందులో వేశారు.

బ్యాండు కట్టుకొని బరువు తగ్గినవారి కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. వారం తిరగకుండా సొరుగులో పడేసినవారి కథలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. నాకు ఆ రెండూ వద్దు. ఒక మనిషి సంగతి కాకుండా ఒక సంస్థ, ఒక పేట, ఒక ఊరు మొత్తంగా వీటివల్ల ఆరోగ్యంగా మారుతుందా? మారితే అది ఏ దారిన జరుగుతుంది? ఈ విషయం చదివినవారు, దగ్గరగా చూసినవారు చెప్పండి. కమిటీ సమావేశం రెండు వారాల్లో ఉంది.

లెక్కలమ్మ (సోమవారం, ఉదయం 9:15)

ముందు ఒక్క మనిషి దగ్గర మొదలుపెడదాం, అది తేలితే ఊరి సంగతి సులువు. 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అప్పటికే వెలువడిన 39 సమీక్షలను, అంటే సుమారు 1,64,000 మంది మీద జరిగిన పరిశోధనలను కుప్పపోసి చూశారు. బ్యాండు కట్టుకున్నవారు రోజుకు సగటున 1,800 అడుగులు ఎక్కువ నడిచారు. బరువు సుమారు ఒక కిలో తగ్గింది.

ఒక కిలోకు ఇంత హడావిడా అని నవ్వేవారికి జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు (జనంలో జబ్బులు పాకే తీరు చదివేవాడు) 1985లోనే జవాబు చెప్పి ఉంచాడు. ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్నవారు ఏ సమాజంలోనైనా కొద్దిమందే. ప్రమాదం కొంచెమే ఉన్నవారు కోకొల్లలు. అందుకే గుండెపోట్లలో ఎక్కువ భాగం ఆ రెండో గుంపు నుంచే వస్తాయి. అందరూ కొద్దికొద్దిగా జరిగితే ఒక్కొక్కరికి పెద్ద తేడా తెలియకపోయినా ఆసుపత్రి లెక్కల్లో తెలుస్తుంది. 1,800 అడుగులు ఒక మనిషికి చిన్న విషయమే. పదిలక్షల మంది కలిసి నడిస్తే మాత్రం చిన్నది కాదు.

అడ్డుప్రశ్న (సోమవారం, ఉదయం 10:02)

లెక్కలమ్మ గారూ, మీరు చెప్పినది "అందరూ" కట్టుకుంటే కదా. సింగపూర్‌లో 13 సంస్థల్లోని 800 మంది ఉద్యోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలలు నగదు బహుమతి ఇచ్చినంతకాలం అది అందుకున్న గుంపు బాగానే కదిలింది. డబ్బు ఆపగానే కదలికా ఆగింది. ఏడాది తిరిగేసరికి బ్యాండు ఇంకా చేతికి ఉన్నవారు పదిమందిలో ఒక్కరు. బరువు, రక్తపోటులలో చెప్పుకోదగ్గ మార్పే లేదు.

అదే సంవత్సరం అమెరికాలో 471 మంది యువకుల మీద జరిగిన రెండేళ్ల పరీక్ష ఫలితాలూ వచ్చాయి. అందరికీ ఆహార, వ్యాయామ సలహాలు ఇచ్చి, సగం మందికి అదనంగా బ్యాండు ఇచ్చారు. బ్యాండు ఉన్నవారు 3.5 కిలోలు తగ్గారు, లేనివారు 5.9 కిలోలు. తప్పుగా రాయలేదు, ఇంకోసారి చదువుకోండి.

లెక్కలమ్మ (సోమవారం, ఉదయం 10:31)

ఆ రెండూ నిజమే. మొదటిదాన్ని మీ కమిటీలో చదివి వినిపించమని పొద్దునడక గారిని నేనే కోరుతున్నాను. రెండో పరీక్షలో బ్యాండు బరువు పెంచిందని మాత్రం అర్థం చేసుకోవద్దు. అందరూ తగ్గారు, బ్యాండు ఉన్నవారు తక్కువ తగ్గారు. ఎందుకన్నది ఆ పరీక్ష తేల్చలేదు, అంచనాలు మాత్రం చాలా ఉన్నాయి. "ఇవాళ పదివేలు నడిచాను కదా" అని పళ్లెంలో ఇంకొంచెం వడ్డించుకోవడం నేను నాలోనే చూశాను.

మధ్యలోవచ్చినవాడు (సోమవారం, ఉదయం 11:20)

మా కార్యాలయంలో అడుగుల పోటీ పెట్టినప్పుడు వరసగా మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచిన పెద్దమనిషి లిఫ్టు లేకుండా మేడ ఎక్కింది ఎవరూ చూడలేదు. తరువాత తెలిసింది, ఆయన బ్యాండు వాళ్ల కుక్క మెడలో ఉందని. ఆ కుక్క ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉంది. సమాజ ఆరోగ్యం కిందకి అదీ వస్తుందా?

పొద్దునడక (సోమవారం, ఉదయం 11:28)

మా దగ్గర కుక్క లేదు, కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపేవారు ఉన్నారు. సమావేశాల్లో ఆ చేతులు చూసి మా డైరెక్టరు గారు "సందేహం ఉన్నట్టుంది, అడగండి" అనేవారు.

అన్నట్టు, మా పోటీలో లక్ష్యం రోజుకు 10,000 అడుగులు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికైనా తెలుసా?

అడ్డుప్రశ్న (సోమవారం, ఉదయం 11:45)

ప్రకటన నుంచి. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకొనే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు "మాంపో-కే", అంటే పదివేల అడుగుల మీటరు. చెవికి ఇంపుగా ఉంది, అమ్ముడుపోయింది, అరవై ఏళ్లుగా లోకమంతా దాన్ని ఆరోగ్య సూత్రంగా మోస్తోంది.

2019లో వెలువడిన ఒక పరిశోధనలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళలకు నడుము మీటర్లు కట్టి ఆ తరువాత కొన్నేళ్లు వారిని గమనించారు. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచినవారితో పోలిస్తే 4,400 నడిచినవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. అంటే పెద్దవాళ్లకు పదివేలు అని చెప్పి భయపెట్టడం కంటే, ఇంకో వెయ్యి చాలు అని చెప్పి ఉంటే ఎక్కువమంది లేచి నడిచేవారు.

లెక్కలమ్మ (సోమవారం, ఉదయం 11:58)

చిన్న సవరణ. ఎక్కువ నడిచినందువల్లే బతికారని ఆ పరిశోధన రుజువు చెయ్యదు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఆ రెంటినీ విడదీయడానికి వారు చాలా సర్దుబాట్లు చేశారు, అయినా పూర్తిగా విడిపోవు. పదివేలు అనేది రాతి మీద రాసిన అంకె కాదు అన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను.

గుండెచప్పుడు (సోమవారం, రాత్రి 9:10)

ఈసీజీలు తీసే ఉద్యోగం నాది. పదిహేడేళ్లయింది. అడుగుల సంగతి మీరు తేల్చుకోండి, నేను వాచీలు గుండెలో ఏం పట్టుకుంటాయో చెబుతాను.

వాచీ వెనక ఆకుపచ్చ వెలుతురు చూసి ఉంటారు. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. నాడి కొట్టినప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరిగి, వెనక్కి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే గుండె వేగం. కొట్టుకోవడం మధ్య ఎడం సమంగా లేకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బేమో అని అనుమానిస్తుంది. పక్షవాతం వచ్చే అవకాశాన్ని సుమారు అయిదు రెట్లు పెంచే జబ్బు అది. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

యాపిల్ వాచీతో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు చేసిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఒక్కొక్కరిని ఇంచుమించు నాలుగు నెలలు గమనిస్తే హెచ్చరిక వచ్చినవారు 2,161 మంది, అంటే 0.52 శాతం. 65 దాటినవారిలో 3.1 శాతం, 40 లోపు వారిలో 0.16 శాతమే. హెచ్చరిక వచ్చినవారికి ఛాతీకి అంటించుకొనే ఈసీజీ పట్టీలు పంపితే సరిగ్గా తిరిగి పంపినవారు 450 మంది. వారిలో 34 శాతం మందికి ఆ జబ్బు పట్టీలోనూ కనిపించింది. ఇది వస్తూ పోతూ ఉండే జబ్బు కాబట్టి మిగతావారికి లేదని కూడా చెప్పలేం.

నాలుగు లక్షల మందిని ఒక్క గది కట్టకుండా, ఒక్క క్యూ పెట్టకుండా పరీక్షించడం నా పదిహేడేళ్లలో ఊహకు కూడా అందని సంగతి.

నైట్‌డ్యూటీ (సోమవారం, రాత్రి 11:52)

ఆ క్యూ మాయం కాలేదండీ, మా దగ్గరకు వచ్చింది. అత్యవసర విభాగంలో నర్సుని. రాత్రి రెండు గంటలకు పాతికేళ్ల కుర్రాడు చేతి వాచీ చూపిస్తూ వస్తాడు. దానికంటే ముందు అతని భయమే గుండెను నూట ఇరవై కొట్టిస్తూ ఉంటుంది. ఈసీజీ తీస్తాం, బాగుంటుంది, వెళ్లిపోతాడు, మళ్లీ వారానికి వస్తాడు. అదే రాత్రి నిజంగా రావలసిన పెద్దావిడ తెల్లారాక, మాట పడిపోయాక వస్తుంది. ఆవిడకు వాచీ లేదు.

లెక్కలమ్మ (మంగళవారం, ఉదయం 6:50)

నైట్‌డ్యూటీ గారు చెప్పినదాన్ని అంకెల్లో పెడతాను. ఇవి లెక్క కోసం ఊహించుకున్న అంకెలు, ఏ వాచీవీ కావు.

వాచీ చాలా మంచిదనుకుందాం. జబ్బున్న వందమందిలో 95 మందిని పడుతుంది. జబ్బు లేని వందమందిలో ఒక్కరినే పొరపాటున భయపెడుతుంది. లక్షమంది కుర్రవాళ్లలో ఆ జబ్బు వందమందికి ఉందనుకోండి. వాచీ 95 మందిని పట్టింది, బాగుంది. కానీ మిగిలిన 99,900 మందిలో 999 మందిని ఊరికే భయపెట్టింది. మోగిన ప్రతి పన్నెండు వాచీల్లో సుమారుగా ఒక్కటే నిజం.

అదే వాచీని జబ్బు అయిదు వేలమందికి ఉన్న లక్షమంది పెద్దవాళ్లకు కట్టండి. 4,750 నిజం, 950 అబద్ధం. ఆరింటిలో అయిదు నిజం. వాచీ మారలేదు, కట్టుకున్న చెయ్యి మారింది. ఎవరికి కట్టాలి అన్న ప్రశ్న ఏ వాచీ కొనాలి అన్నదానికంటే పెద్దది, దాన్ని ఎవరూ అడగరు. అమ్మేవారు అసలు అడగరు.

గుండెచప్పుడు (మంగళవారం, ఉదయం 8:05)

ఒప్పుకుంటాను. ఇంకొకటి నేనే బయటపెడతాను. డెన్మార్క్‌లో 70 నుంచి 90 ఏళ్ల మధ్యవారు, పక్షవాతం ముప్పు ఉన్నవారు, 6,004 మందిని తీసుకొని కొందరికి చర్మం కింద నిరంతరం గుండెను గమనించే చిన్న పరికరం అమర్చారు. పరికరం ఉన్నవారిలో 31.8 శాతం మందికి ఆ జబ్బు బయటపడింది, లేనివారిలో 12.2 శాతం మందికే. వెంటనే రక్తం పలచబడే మందులూ ఇచ్చారు. అయినా పక్షవాతాలు నమ్మదగినంతగా తగ్గాయని చెప్పలేకపోయారు. 2021 నాటి ఫలితం ఇది. ఎక్కువ పట్టుకోవడం వేరు, ఎక్కువమందిని కాపాడడం వేరు అని ఆ రోజు నాకు కాస్త దిగులుగానే అనిపించింది.

జ్వరపటం (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

అందరూ ఒక్కొక్కరి జబ్బు దగ్గరే తిరుగుతున్నారు. పొద్దునడక గారు అడిగింది ఊరి గురించి. అంటువ్యాధుల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు చెబుతాను.

ఒళ్లు వెచ్చబడితే గుండె వేగం పెరుగుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు నిమిషానికి సుమారు ఎనిమిది, పది దాకా. మీ ఒక్కరి గుండె ఇవాళ నాలుగు ఎక్కువ కొట్టుకుందంటే దానికి వెయ్యి కారణాలు: నిద్ర చాలలేదు, గొడవపడ్డారు, ఎండన తిరిగారు. మీ విషయంలో ఆ అంకె నుంచి నాకు ఏమీ తెలియదు. కానీ ఒకే ప్రాంతంలో వేలమందికి ఒకే వారం అలా పెరిగి, వారందరూ మామూలుకంటే ఎక్కువసేపు పడుకుని ఉంటే? వెయ్యిమంది ఒకే వారం గొడవపడరు.

2020లో వెలువడిన పరిశోధనలో స్క్రిప్స్ పరిశోధన సంస్థవారు అమెరికాలోని అయిదు రాష్ట్రాల్లో ఫిట్‌బిట్ అనే చేతి బ్యాండు వాడే 47,249 మంది వివరాలతో దీన్నే పరీక్షించారు. పేర్లు లేవు, విశ్రాంతిలో గుండె వేగం, నిద్ర మాత్రమే. ఆ రెండూ కలిపితే ఫ్లూ అంచనాలు అయిదు రాష్ట్రాల్లోనూ మెరుగుపడ్డాయి. వైద్యుల దగ్గరనుంచి నివేదికలు చేరి, కూడి, ప్రకటించడానికి వారాలు పడుతుంది. గుండె వేగం ఏ రోజుది ఆ రోజే వస్తుంది. 2020 ఏప్రిల్‌లో జర్మనీలో అంటువ్యాధులను గమనించే రాబర్ట్ కోచ్ సంస్థ అడిగితే అయిదు లక్షలమందికి పైగా తమ వాచీల వివరాలను తమంతట తాముగా ఇచ్చారు. దేశమంతటికీ జ్వరపటం గీశారు. నా పేరు అక్కడినుంచే పెట్టుకున్నాను.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, నైట్‌డ్యూటీ గారి దగ్గరకు ఒక్కరినీ పరిగెత్తించనక్కరలేదు. ఎవరికీ హెచ్చరిక పోదు. ఆసుపత్రికి మాత్రం "వచ్చేవారం మంచాలు సిద్ధం చేసుకోండి" అని కబురు పోతుంది.

అడ్డుప్రశ్న (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

ఇలాంటి మాటే 2008లోనూ విన్నాం. జనం వెతికే మాటలనుబట్టి ఫ్లూ ఎక్కడుందో చెబుతామని గూగుల్ ఒక సేవ పెట్టింది. 2012-13 శీతాకాలంలో అసలు లెక్కకు సుమారు రెట్టింపు చెప్పింది. 2015లో మూసేశారు. వాచీల పటం దానికంటే ఎందుకు నమ్మాలి?

జ్వరపటం (మంగళవారం, మధ్యాహ్నం 2:44)

వార్తలు చూసి కూడా జనం వెతుకుతారు. జ్వరం లేనివాడు సైతం "ఫ్లూ లక్షణాలు" అని కొడతాడు. వార్త చూసినంత మాత్రాన నిద్రలో గుండె వేగం పెరగదు. అది శరీరం ఇచ్చే వాంగ్మూలం. అయినా మీ అనుమానం నాకు ఇష్టమే. వాచీ ఒక్కటే చాలని నేను అనను, వైద్యుల నివేదికల పక్కన పెట్టి చూడాలి. సెలవుల్లో జనం ఆలస్యంగా పడుకుని గుండె వేగం పెరిగిన వారాన్ని ఫ్లూ అనుకుని మేమూ ఒకసారి కంగారుపడ్డాం.

నైట్‌డ్యూటీ (బుధవారం, తెల్లవారుజామున 4:20)

ఆ పటంలో ఎవరు ఉన్నారు? నా ప్రశ్న అది. వాచీ కొనుక్కోగలిగినవారు, ఫోను ఉన్నవారు, సాధారణంగా వయసులో ఉన్నవారు. జబ్బు ముందు ఎక్కడ పాకుతుందో అక్కడ, ఇరుకు గదుల్లో, చేతులకు వాచీలు ఉండవు. పటంలో ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. తెల్లగా ఉంది కాబట్టి అక్కడ జబ్బు లేదనుకుంటారు.

పరికరానికి మనిషి చర్మం కూడా అడ్డే. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ల సంగతి 2020 డిసెంబరులో ఒక వైద్య పత్రికలో వచ్చింది. మీటరు బాగుందని చూపించినా రక్తంలో నిజానికి ఆక్సిజన్ తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. ఏళ్లతరబడి ఆసుపత్రుల్లో వాడిన పరికరం అది. ఆ కథనం చదివిన రాత్రి నేను ఎవరెవరికి "బాగానే ఉంది, కంగారుపడకండి" అని చెప్పి పంపానో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

జ్వరపటం (బుధవారం, ఉదయం 9:00)

దీనికి నా దగ్గర జవాబు లేదండీ. ఉచితంగా పంచడం ఒక దారి. సింగపూర్ ప్రభుత్వం 2015 నుంచి దేశమంతటి నడక పోటీకి అడుగుల మీటర్లు పంచింది. అయితే పంచినంత మాత్రాన పెట్టుకుంటారని కాదు, అది పైన అడ్డుప్రశ్న గారే చెప్పారు.

తాళంకప్ప (బుధవారం, ఉదయం 10:15)

ఇంతమంది ఇంత చెప్పారు, ఆ వివరాలు ఎవరి దగ్గర ఉంటాయని ఒక్కరూ అడగలేదు. పొద్దునడక గారూ, మీ సంస్థలో మీ నిద్ర ఎవరికి కనిపిస్తుంది? మీ పై అధికారికా? బ్యాండ్లు అమ్మిన కంపెనీకా? రేపు బీమా కంపెనీకా?

"పేర్లు తీసేశాం" అన్న మాట నమ్మకండి. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ సేవ పటం గుర్తుందా? లోకమంతటా జనం పరిగెత్తిన దారులన్నీ కలిపి వెలుగు గీతలుగా వేశారు. ఒక్క పేరు లేదు. కానీ ఎడారి మధ్యలో ఒంటరిగా మెరిసే దీర్ఘచతురస్రాలు సైనిక స్థావరాలని ఒక విద్యార్థి పట్టేశాడు, ప్రహరీ చుట్టూ సైనికులు రోజూ పరిగెత్తేవారు కాబట్టి. సైన్యాలకే దాచుకోవడం చేతకాలేదు, మన కమిటీలకు చేతనవుతుందా?

గర్భం, మద్యం, మనసు బాగుండకపోవడం, రాత్రి ఇంట్లో ఉన్నారా లేదా అన్నది కూడా గుండె వేగం, నిద్రలలో ఆనవాలు వదులుతాయి. యూరప్‌లో 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ఆరోగ్య వివరాలను ప్రత్యేక రక్షణ ఇవ్వవలసినవిగా ఊరికే పెట్టలేదు. యజమాని "ఇష్టమైతేనే ఇవ్వండి" అన్నప్పుడు ఇష్టం లేదని చెప్పగలిగే ఉద్యోగి ఎందరు?

పొద్దునడక (బుధవారం, ఉదయం 10:40)

ఇబ్బందికరమైన ప్రశ్న, నిజం చెబుతాను. విభాగాధిపతులకు ఒక్కొక్కరి అడుగుల జాబితా ప్రతి సోమవారం వెళుతుంది. చివరి అయిదుగురి పేర్లు ఎర్రగా ఉంటాయి. ఉత్సాహపరచడానికని మొదలుపెట్టారు. చివరి అయిదుగురిలో మోకాళ్లు అరిగిపోయిన పెద్దాయన ఒకరు ఉన్నారు.

చీకటిగది (బుధవారం, రాత్రి 8:30)

ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తాను. చాలాకాలంగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. ఆ ఎర్ర జాబితా గురించి చదివాక ఉండలేకపోయాను.

మేము కొన్ని దశాబ్దాలుగా ఒంటిమీద ట్రాకరు పెట్టుకుని తిరుగుతున్నాం. దానికి తెర లేదు, లైటు లేదు, ఒక్క అంకె చూపించదు. చొక్కా మీద తగిలించుకొనే టీఎల్‌డీ బ్యాడ్జి. అందులోని చిన్న బిళ్లలు మా మీద పడిన రేడియేషన్‌ను పట్టి ఉంచుతాయి. మా దగ్గర మూడు నెలలకోసారి వాటిని తీసుకెళ్లి వేడిచేస్తారు. వేడికి బిళ్ల వెలుగుతుంది, ఎంత వెలిగితే అంత రేడియేషన్ అన్నమాట. అంతర్జాతీయ సిఫారసు ప్రకారం అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటిమీద పడిన రేడియేషన్‌కు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు.

చెప్పదలచుకున్నది ఇది. ఎప్పుడైనా నా బ్యాడ్జి లెక్క పెరిగితే ఎవరూ నన్ను "ఇంకాస్త శ్రద్ధగా ఉండు" అని వదిలెయ్యరు. నా పేరు ఎర్రగా రాసి గోడకు అంటించరు. గదికి వస్తారు. సీసపు తెర సరిగా ఉందా, తలుపు పూర్తిగా మూసుకుంటోందా, యంత్రం నుంచి కిరణాలు కారుతున్నాయా, ఒకే మనిషికి ఎక్కువ కేసులు వేశారా అని చూస్తారు. ఒకసారి మా ముగ్గురి లెక్కలు కలిసి పెరిగాయి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ హద్దు దాటలేదు. ముగ్గురివీ కలిపి చూసినందుకే కొత్తగా జరిపిన బల్ల దగ్గర నిలబడితే తెర చాటు సరిపోవడం లేదని తెలిసింది. బల్ల వెనక్కి జరిపారు. మాలో ఎవరమూ ఏ అలవాటూ మార్చుకోలేదు.

మీ బ్యాండ్లు మనిషికి సంజాయిషీ అడుగుతున్నాయి. మా బ్యాడ్జి గదిని అడుగుతుంది. మీరు మాట్లాడుతున్న "సమాజ ఆరోగ్యం" నాకు తెలిసినంతలో ఆ రెండోదే.

లెక్కలమ్మ (బుధవారం, రాత్రి 9:05)

చీకటిగది గారూ, ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదండీ!

మీ మాటకు ఊతంగా ఒకటి చెబుతాను. 2017లో నేచర్ పత్రికలో 111 దేశాల నుంచి 7,17,527 మంది ఫోన్లలో నమోదైన అడుగుల పరిశోధన వచ్చింది. ఒక దేశం సగటున ఎంత నడుస్తుందన్న దానికంటే, ఎక్కువ నడిచేవారికీ తక్కువ నడిచేవారికీ మధ్య అంతరం ఎంతన్నదే స్థూలకాయంతో గట్టిగా ముడిపడి ఉంది. అంతరం పెద్దదిగా ఉన్నచోట ముందు వెనకబడేది ఆడవాళ్లు. నడవడానికి వీలుగా ఉన్న నగరాల్లో ఆ అంతరం తక్కువ.

అదే బృందంలోని కొందరు 2025లో ఇంకో అడుగు వేశారు. అమెరికాలో ఒక నగరం నుంచి మరో నగరానికి మారిన 5,424 మందిని చూశారు. నడవడానికి బాగా అనువైన చోటికి మారినవారు రోజుకు సుమారు 1,100 అడుగులు ఎక్కువ నడిచారు. మనుషులు వారే, బద్ధకమూ అదే. మారింది వీధి. నేను మొదట చెప్పిన 1,800లో ఇది సగం కంటే ఎక్కువే, పైగా వీధిని ఛార్జింగు పెట్టనక్కరలేదు, సొరుగులో పడెయ్యలేం.

మధ్యలోవచ్చినవాడు (బుధవారం, రాత్రి 9:20)

బ్యాండు కింద మణికట్టు దురద పెడుతోంది, ఏ పూత రాయాలి?

నిర్వాహకుడు (బుధవారం, రాత్రి 9:31)

అది చర్మ సమస్యల విభాగంలో అడగండి. ప్రస్తుతానికి రాత్రిపూట బ్యాండు తీసి, కడిగి, ఆరబెట్టండి చాలు.

తాళంకప్ప (గురువారం, ఉదయం 7:15)

చీకటిగది గారి పద్ధతి నాకూ సమ్మతమే, షరతులతో. ఒక్కొక్కరి అంకె ఎవరికీ వెళ్లకూడదు, విభాగం మొత్తానిదే వెళ్లాలి. ఆ విభాగంలో ఇరవైమంది కంటే తక్కువ ఉంటే అదీ వెళ్లకూడదు. నలుగురున్న గదిలో "సగటు నిద్ర తగ్గింది" అంటే ఎవరికి పసిబిడ్డ ఉందో అందరికీ తెలుసు. స్థానం చెప్పే జీపీఎస్ అసలు వద్దు. మానేస్తానంటే కారణం అడగకూడదు, పాత వివరాలు చెరిపెయ్యాలి.

అడ్డుప్రశ్న (గురువారం, ఉదయం 8:40)

ఇరవైమంది సగటు నుంచి ఏం తెలుస్తుంది? ఫలానా విభాగం తక్కువ నడుస్తోందని తెలుస్తుంది. ఎందుకన్నది బ్యాండు చెప్పదు. దానికి ఒక మనిషి లేచి వెళ్లి చూడాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? కమిటీలు పరికరాలు కొంటాయి, మనుషులను పెట్టవు.

నైట్‌డ్యూటీ (గురువారం, ఉదయం 8:55)

పొద్దునడక గారు ఉన్నారుగా, ఎలాగూ నడుస్తారు.

పొద్దునడక (రెండు వారాల తరువాత, శుక్రవారం, సాయంత్రం 6:10)

సమావేశం అయింది. ఎర్ర జాబితా ఆపించాను. దానికోసం గంటన్నర వాదించాల్సి వచ్చింది, మోకాళ్ల పెద్దాయన పేరు చెప్పాకగాని తెగలేదు. పోటీ బహుమతులు వద్దన్నాను, అది మాత్రం నెగ్గలేదు, మూడు నెలల తరువాత మళ్లీ చూస్తారట. తాళంకప్ప గారి షరతుల్లో ఇరవైమంది నియమం ఒప్పుకున్నారు. చెరిపెయ్యడం గురించి బ్యాండ్ల కంపెనీకి ఉత్తరం రాశారు, జవాబు రాలేదు.

చీకటిగది గారూ, ఇది మీకు. పేర్లు లేకుండా విభాగాలవారీగా పాత ఏడాది వివరాలు తీయించి చూశాం. ఈ బ్యాండ్లలో గాలి ఒత్తిడి కొలిచే చిన్న సెన్సరు ఉంది, ఎన్ని అంతస్తులు ఎక్కామో లెక్కేస్తుంది. మూడో అంతస్తులోని రెండు విభాగాలకు ఆ లెక్క ఒకానొక నెల మొదలుకొని దాదాపు సున్నా. అడుగులూ పడిపోయాయి. మిగతా అంతస్తులవారు మామూలే. ఆ తరువాతి నెలల్లో ఆ రెండు విభాగాలవారి పేర్లే ఎర్ర జాబితాలో ఎక్కువగా ఉండేవి, వారికి "ఉత్సాహం తక్కువ" అని ఒక ప్రసంగం కూడా ఏర్పాటు చేశాం. ఆ ప్రసంగానికి పరిచయ వాక్యాలు చెప్పింది నేనే.

లేచి వెళ్లి చూశాను. ఆ వైపు మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది. ఎవరో భద్రత కోసం వేయించారట. అప్పటినుంచి అందరూ లిఫ్టే.

చీకటిగది (శుక్రవారం, సాయంత్రం 6:32)

తీయించారా?

పొద్దునడక (శుక్రవారం, సాయంత్రం 6:40)

తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఇంకా తేలలేదు. భద్రతవారు నిర్వహణ విభాగం దగ్గర ఉందంటున్నారు, నిర్వహణవారు భద్రతవారి దగ్గరే అంటున్నారు. సోమవారం మళ్లీ వెళతాను.